కంఠశోఫమునకు కాంతిచికిత్స: పూర్వకథ

వెలుతురు మందు కాగలదని నవీన వైద్యమునకు నమ్మకము కలిగించినవాడు డెన్మార్కు దేశపు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్. తాను దీర్ఘరోగియై యుండియు, ఆర్కు దీపపు కిరణములను కటకములచే కేంద్రీకరించి, ముఖమును తినివేయు చర్మక్షయను మాన్పి, 1896లో కోపెన్‌హాగెనున నొక సంస్థను నెలకొల్పి, 1903లో నోబెల్ బహుమానము నందెను. మరుసటి యేడే మరణించెను. క్షయకు స్ట్రెప్టోమైసిన్ వంటి ఔషధములు వచ్చిన పిమ్మట ఆ దీపములు మూలబడినవి.

ఈలోగా మరియొక బాధ పుట్టినది. 1906లో అమెరికా శస్త్రవైద్యుడు జార్జి క్రైల్, నోటి కేన్సరు మెడకు ప్రాకినపుడు అచ్చటి శోషరస గ్రంథులను సమూలముగా తొలగించు పద్ధతిని 132 శస్త్రచికిత్సల యాధారముతో ప్రకటించెను. తరువాత రేడియేషను దానికి తోడయ్యెను. ప్రాణము నిలిచెను గాని, గ్రంథులు పోయి, నాళములు మాడి, పారుటకు త్రోవలేని శోషరసము గడ్డము క్రిందను మెడయందును నిలిచి వాపుగా మారుచుండెను; అదియే కంఠశోఫము. అది రాత్రి పరుండి లేచిన వేళ హెచ్చు. గొంతు లోపల చేరినచో మ్రింగుటయు మాటాడుటయు కష్టము. కాలము గడచిన కొలది మెత్తనిది గట్టిపడును. మృత్యువును గెలిచి వచ్చిన మనుజుడు అద్దములో తన మొగమును తానే పోల్చుకొనలేకపోవుట అల్పదుఃఖము కాదు. వైద్యులు చిరకాలము దానిని అల్పముగానే యెంచిరి. చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగి అంగిట కేన్సరు తెచ్చుకొను శ్రీకాకుళ ప్రాంతపు స్త్రీల నెరిగిన మనకు ఈ కథ దూరమైనది కాదు.

ఇక కాంతి కథకు మరలుదము. 1960లో కెంపు లేజరు వెలసినది. కొన్నియేండ్లకు బుడాపెస్టు నగరమున శస్త్రవైద్యుడు ఎండ్రె మెస్టర్, లేజరునకును కేన్సరునకును గల సంబంధము తేల్చగోరి, చుంచెలుకల వీపున వెండ్రుకలు గొరిగి, మిక్కిలి తక్కువ శక్తిగల కిరణమును ప్రసరింపజేసెను. కేన్సరు విషయమున నాశించిన ఫలము కానరాలేదు. కాని కిరణము సోకిన చోట వెండ్రుకలు త్వరితముగా మొలిచినవి. ఎదురుచూడని యీ ఫలమును త్రోసివేయక, పట్టుదలతో వెంబడించి, మానని పుండ్లపై ఆ కిరణమును ప్రయోగించుటయే మెస్టరు గొప్పతనమని నా తలంపు. ఎఱ్ఱని కాంతియు, కంటికి కానరాని సమీప పరారుణ కాంతియు కణములలోని మైటోకాండ్రియాకు శక్తినొసగునని పిదప శాస్త్రజ్ఞులు వివరించిరి.

2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, రొమ్ము కేన్సరు చికిత్సానంతరము ఇట్లే శోషరసము నిలిచి చేయి వాచినవారికై 904 నానోమీటర్ల లేజరు నొకదానిని అనుమతించెను. మెడకు అది వచ్చుట ఆలసించినది, కారణము భయము. వెండ్రుకను మొలిపించిన కాంతి, మిగిలియున్న కేన్సరు కణమును సైతము పెంచదా? ఈ శంక న్యాయమైనదే. రేడియేషను కాలమున నోటిపూతను నివారించుటకు ఈ కాంతిని వాడవచ్చునని అంతర్జాతీయ నిపుణులు సిఫారసు చేసిన పిదపనే ధైర్యము కొంత చిక్కినది. కంఠశోఫము విషయమున ఇప్పటికి జరిగినవి చిన్న పరిశోధనలు. చేతితో మర్దించి రసమును మరలించు పాత పద్ధతి, బిగుతు పట్టీలు నేటికిని ప్రధాన చికిత్సలు. కాంతి వాని సరసన సహాయముగా నిలుచుచున్నది.