గళ్ళగుడ్డయు కల్లుకుండయు

నెల్లూరు సీమలోని కోట యను ఊరి నుండి స్వర్ణముఖిని దాటి, వాకాడు మీదుగా దుగరాజపట్నము దారిని బోవువానికి ఇసుకనేలలో తాటితోపులును, వాని వెనుక సరుగుడు తోటలును, అన్నిటికావల సముద్రము మీది ఉప్పుగాలియు తోడు వచ్చును. ఈ తోపులలో నొకప్పుడు కల్లుపాకలుండెడివి. మా నాయనమ్మ తన బాల్యమున చూచిన పాక యొకదానిని గూర్చి ఎన్నిసార్లు చెప్పెనో లెక్కలేదు. ఆమె మాటలవలననే అది నేను స్వయముగా చూచినదానివలె నా మనస్సున నిలిచిపోయినది. నాలుగు గుంజలు, పైన తాటాకు, లోపల ఇసుకలో మెడవరకు పాతిన పెద్దకుండ, ఆ కుండప్రక్కన పీటమీద ఈడిగ ఇల్లాలు. మోకు భుజాన వేసికొని తెల్లవారకమునుపే చెట్టెక్కి లొట్టి దించుకొని వచ్చుట మగవాని పని. నురుగు తొలగించి, అందులో పడిన చీమలను తాటిపీచుతో వడగట్టి, ముంతతో కొలిచి పోయుటయు, ఎవని బాకీ ఎంతయో గుంజమీద బొగ్గుగీతలు గీచి గుర్తుంచుకొనుటయు ఆమె పని. ముతక నేతచీర కట్టి, కొంగు నడుమున బిగించి కూర్చుండెడి ఆమెను చూచుటకై ఎవ్వరును ఆ పాకకు రాలేదు. నోరు జారినవానికి ఆమె మారుమాట చెప్పక ముంతను బోర్లించి చూపెడిదట. దానితో ఆనాటికి వాని కల్లు చెల్లు.

ఈ పాక నాకు మరల జ్ఞప్తికి వచ్చినది టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరములో. అక్కడ ఉద్యోగము చేయుచున్న నా మేనల్లుడు ఒక శనివారపు సాయంకాలము, మిత్రులతో కూడ, నన్నొక పానశాలకు తోడ్కొనిపోయెను. గోడలనిండ స్కాట్లండు, ఐర్లండు దేశముల బొమ్మలు, కొయ్యపీపాలు, పదునెనిమిది టెలివిజను తెరలు. మధ్య మధ్య తిరుగుచు వడ్డన చేయు యువతులకు జానెడు గళ్ళలంగాయు, మోకాళ్ళవరకు మేజోళ్ళును, రొమ్ముక్రింద ముడివేసిన తెల్లని కురచచొక్కాయు. మా బల్లయొద్దకు వచ్చిన అమ్మాయి గ్లాసులు దించుచుండగా, శీతలయంత్రపు గాలికి ఆమె ముంజేతులమీద రోమములు నిక్కబొడుచుకొని యుండుట నేను చూచితిని. ఆమె నవ్వు మాత్రము చెదరలేదు. నా మేనల్లుని మిత్రులలో నొకడు ఇది సిగ్గుమాలిన వ్యాపారమనెను. మరియొకడు ఇష్టపడి చేయుదానిని కాదనుటకు మనమెవ్వరమనెను. ఆ రాత్రి ఇల్లు చేరువరకు వారి వాదము తెగలేదు. ఆ వాదమే ఈ వ్యాసమునకు మూలము.

ఇట్టి పానశాలలకు చరిత్ర కొంచెమే. 1983లో ఫ్లారిడా రాష్ట్రపు క్లియర్‌వాటరులో హూటర్స్ అను సంస్థ పుట్టి, వడ్డించు యువతి వేషమునే వ్యాపారచిహ్నముగా చేసికొనెను. ఇరువది యేండ్ల తరువాత, 2003లో, లాస్ వేగాసులోని రియో హోటలున టిల్టెడ్ కిల్ట్ అను పానశాల తెరవబడి, ఆ తీరునకే కెల్టిక్ జాతుల రంగు పూసి దేశమంతట శాఖలు వేసినది. 2025 మార్చి నెలాఖరున హూటర్స్ దివాలా రక్షణకై న్యాయస్థానమును ఆశ్రయించెను. ఇంతకంటె ఆ కంపెనీల కథ మనకక్కరలేదు. నా మనస్సును పట్టినది ఆ గళ్ళగుడ్డ.

కిల్టు మగవాని కట్టు. స్కాట్లండు కొండవాండ్రు ధరించిన ఆ వస్త్రమును, 1745 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట, బ్రిటిషు ప్రభుత్వము 1746లో చట్టము చేసి నిషేధించెను. సైన్యమున చేరినవానికి మాత్రమే దానిని కట్టుకొను అనుమతి యుండెను. 1782లో ఆ నిషేధము తొలగునప్పటికి పాతతరము గతించినది. ఏ గుడ్డ కట్టినందుకు కొండజాతి పురుషుడు చెరసాలకు పోయెనో, ఆ గుడ్డయే కురచయై పరాయి ఖండమున బీరు మోయు ఆడుపిల్ల నడుమున చుట్టబడినదన్నచో, ఒక జాతి దుఃఖము అంగడి అలంకారమగుటకు ఇంతకంటె నిదర్శనమేల? పైగా గళ్ళగుడ్డ మన తీరమునకు క్రొత్తదికాదు. 1626లో ఆంగ్లవర్తకులు మన కోటకు దాపుననే యున్న దుగరాజపట్నమున ఆర్మగాన్ అను పేర గిడ్డంగి కట్టుకొన్నది బట్టల బేరమునకై. అచ్చటి అధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలమును సంపాదించిన పిమ్మట ఆ వర్తకము దక్షిణమునకు తరలిపోయెను. తరువాతి కాలమున చీరాల సాలెవారు నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరు పెట్టుకొని పశ్చిమాఫ్రికా దాక పోయినవి. గళ్ళు వేసినవాని పేరు గుడ్డమీద ఎన్నడును నిలువదు. అమ్మినవాని పేరే నిలుచును.

ఇక మదిరాగృహమున స్త్రీని ఎరగా నిలుపుట పాశ్చాత్యుల కల్పనయని మనలో కొందరు తృప్తిపడుదురు. అది సరికాదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున సురాధ్యక్షుని గూర్చి ఒక ప్రకరణము కలదు. పానశాల పెక్కు గదులు కలదై యుండవలెననియు, వేరువేరు శయ్యలును ఆసనములును, గంధములు, పూలమాలలు, నీరు, ఋతువునకు తగిన సౌఖ్యములు అమర్చవలెననియు అందు విధింపబడినది. అంతటితో ఆగక, మత్తులో నిద్రించు పరదేశులయు స్వదేశులయు మనోభావములను, వర్తకుడు రూపవతులైన తన దాసీలచేత రహస్యగృహములలో తెలిసికొనవలెనని చెప్పబడినది. రూపము ఇచ్చట వడ్డనకు మాత్రమే గాక గూఢచర్యమునకు గూడ పనికి వచ్చినది. ఆ ప్రకరణముననే, సారా కాచుటకు కావలసిన కిణ్వమును, అనగా పులియబెట్టు ద్రవ్యమును, సేకరించు పనిని కౌటిల్యుడు స్త్రీలకును బాలురకును అప్పగించినాడు. ముందుగదిలో రూపమునకు, వెనుకవాకిట చాకిరికి, రెండింటికిని స్త్రీయే. లెక్కలగదిలో మాత్రము ఆమె లేదు. నేనా ప్రకరణమును చదివిన ప్రతిసారియు డాలసులోని ఆ ముంజేతులు కన్నులకు కట్టును.

మా తాటితోపు ఇల్లాలు ఈ రెండుతెగలకును చెందదు. కుండ ఆమెది, కొలత ఆమెది, బాకీ ఆమెది. కాని ఆ స్వాతంత్ర్యము మీదికి సర్కారు మెల్లమెల్లగా వచ్చి పడినది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టముతో చెట్టుకు పన్ను, అంగడికి వేలము స్థిరపడినవి. గీయు చెట్టుకు నంబరు వేసెడివారు. నంబరు లేని చెట్టున లొట్టి కట్టినవాడు నేరస్థుడయ్యెడివాడు. వేలమున పాట పెట్టగల ధనవంతుని చేతికి అంగడి పోగా, తోపులోని పాక అతని దయమీద నిలిచినది. ఆ పిదప గాంధీగారి మాట మీద 1930లో స్త్రీలే కల్లంగళ్ళ ముందు పికెటింగు చేసిరి. రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించెను. 1948 నాటికి మన నెల్లూరితో కూడ మద్రాసు రాష్ట్రమంతయు నిషేధము క్రిందికి వచ్చెను. ఈ నిషేధమును నేను గౌరవింతును. దానివలన ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలిగెనో పెద్దలు చెప్పగా వింటిని. అయినను ఆ ఈడిగ ఇల్లాలు పీట మడిచి, కోట సంతలో ముంజెలు అమ్ముకొనుటకు వచ్చి కూర్చుండెనన్న మాట చెప్పునప్పుడు మా నాయనమ్మ గొంతు తగ్గెడిది.

నిషేధము నిలువలేదు. 1954 నవంబరులో ప్రకాశంగారి ప్రభుత్వము ఈ ప్రశ్నమీదనే కూలినది. తరువాత సడలింపులు, పిమ్మట సర్కారే సారా పొట్లములు పంచు కాలము వచ్చి, పల్లెలో కూలివానికి కూలి అందక మునుపే ప్యాకెట్టు వాని చేతికందినది. 1991, 92 సంవత్సరములలో నెల్లూరు జిల్లాలోని దూబగుంటలో అక్షరదీపము తరగతులకు వచ్చు స్త్రీలు సారాకొట్టును మూయించిరి. వర్ధినేని రోశమ్మ పేరు అట్లు దేశమునకు తెలిసినది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు మనకు పొరుగున వాకాటివారే. నెల్లూరున సారావేలము పాట సాగనీయక స్త్రీలు మరల మరల అడ్డుపడిరి. 1993 ఏప్రిలు 15న జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిలిచిపోయినది.

మద్యమమ్ముచోట స్త్రీ పనిచేయవచ్చునా యన్న ప్రశ్నకు మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఉత్తరమిచ్చినది. 1914 నాటి పంజాబు ఎక్సైజు చట్టమున స్త్రీలకట్టి ఉద్యోగమును నిషేధించిన సెక్షను చెల్లదనియు, భద్రత కల్పించుట రాజ్యము విధియే గాని, భద్రత పేరిట కూడు తీసివేయుట కాదనియు ఆ తీర్పు సారాంశము. నాకీ తీర్పు సమ్మతము. డాలసులో వాదించిన మిత్రులలో మొదటివాడు అమ్మాయిని తప్పుపట్టెను, రెండవవాడు ఆమె ఇష్టమును మెచ్చెను; ఆ లంగా పొడవు నిర్ణయించిన యజమానిని ఇరువురును విడిచిపెట్టిరి. ఈడిగ ఇల్లాలివలె ముంత బోర్లించు హక్కు ఆ అమ్మాయికి కలదా యని ఆలోచింపక చేయు వాదము నా దృష్టిలో సగము వాదమే.

తిరిగి వచ్చిన పిమ్మట ఈ వృత్తాంతమంతయు కోటలో మా మేనత్తకు చెప్పితిని. 92లో సారాకొట్టు ముందు కూర్చున్నవారిలో ఆమెయు నొకతె. చేటలో చింతపండు గింజ తీయుచు, గుడ్డనుగూర్చి ఒక్కమాటయైనను అనక వినెను.

“ఆ బిడ్డకి కూలెంతిస్తారు నాయనా?” అని అడిగెను.

ఫెడరలు చట్టము ప్రకారము గంటకు కనీస కూలి ఏడు డాలర్ల పాతికసెంట్లనియు, టిప్పులు వచ్చు పనివారికి యజమాని రెండు డాలర్ల పదమూడు సెంట్లిచ్చిన చాలుననియు, 1991 నుండి ఆ అంకె మారలేదనియు చెప్పితిని.

“మరి మిగతాది?”

“తాగేవాళ్ళిచ్చేదే, అత్తా.”

ఆమె చేట ప్రక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, కొంతసేపు వీథివైపు చూచుచు కూర్చుండెను.