మన పాట, మన పేరు – 11: ఇంట్ల స్టూడియోకు ఏ సాఫ్ట్‌వేర్?



పోయిన భాగం క్యాసెట్ల దగ్గర ఆపిన. వరుస ప్రకారమైతే ఈసారి సీడీల కాలం రాయాలె. కానీ మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి, ఇటు తుర్కపల్లి నుంచి పాటలు కట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కటే అడుగుతున్నరు. "అన్నా, ఇంట్లనే రికార్డింగ్ పెట్టుకుంటున్నం. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలె?" అందుకే వరుస తప్పిస్తున్న.

పేరు చెప్పి ఊకోవచ్చు. రీపర్. చెప్పేసిన. ఎందుకో చెప్పాలంటే మాత్రం 1902 దాకా పోయి రావాలె.

ఆ ఏడు నవంబర్‌ల గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు మిషన్ తెచ్చి పెట్టిండు. పెద్దింటి ఆడవాళ్లు దాని ముందల పాడితే పరువు తక్కువని లోకం అనుకునే కాలం. వచ్చి పాడింది గౌహర్ జాన్. తవాయిఫ్. సభల్ల చప్పట్లు కొట్టి, బయట చిన్నచూపు చూసే వర్గం మనిషి. పాట అయిపోంగనే ఆమె ఇంగ్లీషుల గట్టిగ తన పేరు చెప్పేది. ఆ రికార్డులు జర్మనీల హానోవర్‌ల అచ్చయ్యేవి. అక్కడ లేబుల్ అంటించేటోళ్లకు పాడింది ఎవరో తెలవాలె కదా, అందుకు. కారణం ఏదైతేనేం, ఆమె పేరు కాగితం మీద కాదు, గాడిలనే పడ్డది. కాగితం చినిగిపోయినా పేరు పోదు.

ఈ సంగతి మనసుల పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేకాడ నేను చూసేది మొత్తం దీని చుట్టే తిరుగుతది.

మన దగ్గర డప్పు కథ వేరే. చావుకు డప్పు కావాలె, పెండ్లికి కావాలె, జాతరకు, చాటింపుకు కావాలె. చప్పుడు ఊరందరికీ వినపడాలె, కొట్టేటోడు మాత్రం ఊరవతల ఉండాలె. అతని పేరు రాసిపెట్టాలన్న ఆలోచన ఎవరికి వస్తది?

క్యాసెట్ వచ్చినంక కొంత మారింది. ఫిలిప్స్ కంపెనీ 1963ల బయటపెట్టిన చిన్న డబ్బా, 1980ల నాటికి మన బస్తీలకు, వాడలకు చేరింది. దాన్ని కాపీ చెయ్యనీకి ఫ్యాక్టరీ అక్కర్లేదు, రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ ఉంటే చాలు. గద్దరన్న పాట అట్లనే ఇల్లిల్లూ తిరిగింది. ఆయన పుట్టిన తూప్రాన్ మేడ్చల్ దాటినంక అదే నాగ్‌పూర్ రోడ్డు మీద ఉంటది. ఉన్నది అల్వాల్‌ల, శామీర్‌పేటకు పోయే రోడ్డు మీద. 2023 ఆగస్టుల ఆయనను మట్టిల కలిపింది కూడా అక్కడి మహాబోధి బడి ఆవరణలనే. మన రెండు రోడ్లూ ఆయన రోడ్లే.

కానీ క్యాసెట్ పాటను మోసినంత జాగ్రత్తగ పేరును మోయలేదు. 'మా భూమి' సినిమాల గద్దరన్న కనిపించి పాడిన 'బండెనక' పాట ఎవరిదంటే నూటికి తొంభైమంది గద్దర్‌ది అంటరు. రాసింది బండి యాదగిరి. సాయుధ పోరాట కాలం నాటి పాట అది. అంత పెద్ద పాటకే అట్లయితే మీ అమ్మమ్మ నాట్లల్ల కట్టిన పాటకు దిక్కెవరు?

ఇగ కంప్యూటర్ కాడికి వద్దాం. 1983ల మిడి అనే పద్ధతి వచ్చింది, కీబోర్డులు కంప్యూటర్లతోని మాట్లాడుకునే భాష. 1991ల దానికి జనరల్ మిడి అని ఒక జాబితా తయారు చేసిన్రు. 128 వాయిద్యాలకు నంబర్లు. 105 సితార్. 110 స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్. 112 షెహనాయి. 117 జపానోళ్ల తైకో డోలు. డప్పు లేదు. దరువుల కోసం వేరేగ ఇంకో 47 చప్పుళ్ల పట్టిక ఉన్నది. అండ్ల కూడ డప్పు లేదు, డోలక్ లేదు. కానీ కాంగా ఉన్నది, అగోగో ఉన్నది, కుయికా ఉన్నది. క్యూబాకు, బ్రెజిల్‌కు బానిసలుగ పట్టుకపోయిన ఆఫ్రికా మనుషుల వారసులు బతికించుకున్న వాయిద్యాలు అవి. వాళ్ల పాట రికార్డు మీదికి ఎక్కింది కాబట్టి, ఆ డోలు జాబితాకు ఎక్కిందని నా లెక్క. మన డప్పు ఎక్కకపోవుడు కాలిఫోర్నియాల ఎవడో మన మీద పగతోని చేసింది కాదు. వాళ్లకు చేరవేసే చేతులల్ల మనం లేము, అంతే.

లేని చప్పుడును పిల్లలు ఏం చేస్తరు? లూప్ తెచ్చుకుంటరు. 1997ల బెల్జియం నుంచి ఫ్రూటీలూప్స్ అని వచ్చింది, ఇప్పుడు ఎఫ్ఎల్ స్టూడియో అంటున్నం. తీన్మార్ రీమిక్సులు చేసే మన డీజే పిల్లల చేతుల అదే ఎక్కువ కనిపిస్తది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఒక్క లాప్‌టాప్‌తోని బోనాల రోజు వీధి వీధిని ఎగిరించిన పిల్లలు వాళ్లు. నా బాధ లూప్‌తోని. ఎవరో ఒకాయన ఒక పూట కూలికి కొట్టిన దరువు వెయ్యి పాటలల్ల మోగుతది. ఆయన ఎవరో ఏ పాటలనూ ఉండదు. పైంగ యూట్యూబ్ 2007ల పెట్టిన కంటెంట్ ఐడీ అనే కాపలా ఉన్నది. అదే లూప్ వాడిన ఇంకొకడు ముందుగల తన పాటను అండ్ల ఎక్కిస్తే, నీ పాట మీదికి క్లెయిమ్ రావొచ్చు. మన దరువు మీద మనకే తగాదా.

కాబట్టి డప్పు కొట్టేటాయనను పిలవండి. చెయ్యి తిప్పలు ఉంటయి, చెప్త.

డప్పు మంట అడుగుతది. తోలు సెగకు బిగుసుకుంటేనే పలుకు. గది చల్లగుంటే, శామీర్‌పేట చెరువు దిక్కు వానకాలం తేమ ఉంటే, రెండు టేకులకే జారుతది. నేను కిరాయికి గది వెతికినప్పుడు ఒక ఇంటాయన కంప్యూటర్లకు, మైకులకు ఒప్పుకున్నడు. వాకిట్ల గడ్డి మంట వేస్తం, డప్పు కాపుతం అనంగనే మొఖం మారింది. "గిటారు గిట అయితే పర్లేదు" అన్నడు. గిటారు చప్పుడు కాదా? సాఫ్ట్‌వేర్ కంటే ముందు గది దొరకాలె మనకు. ఆ గదిల కూడ హకీంపేట దిక్కు శిక్షణ విమానాలు, మేడ్చల్ లైన్ల రైళ్లు. తెల్లారుగట్ల పెట్టుకుంటే కొంత నయం.

రికార్డుల 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి. సిర్ర దెబ్బ ఒక్కసారి లేస్తది, కాబట్టి లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండ గెయిన్ తగ్గించండి. మైకు డప్పుకు ఆనించకండి, రెండు మూరల దూరం ఉండనీయండి. ఖరీదు కండెన్సర్ కంటే మామూలు డైనమిక్ మైకు ఇంటి గదిల మేలు, పక్కింటి కుక్కను తక్కువ పడుతది. నాయిస్ రిడక్షన్ జోలికి తొందరపడి పోకండి. ఎడమ చేతి సిటికెన పుల్ల చేసే ఆ గరగర ఉన్నది చూడండి, గట్టిగ నాయిస్ రిడక్షన్ పెడితే ఫ్యాన్ చప్పుడుతో పాటు అది కూడ కొట్టుకపోతది. అది లేకపోతే డప్పే కాదు.

ఇంకొకటి. చానా సాఫ్ట్‌వేర్లు తెరవంగనే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు నాలుగు గళ్లు గీసి పెడతయి. ఊరేగింపు దరువు ఆ గళ్లల్ల నడవదు. జనం వేడెక్కుతుంటే అది ఉరుకుతది. క్లిక్ బంద్ చేసి కొట్టనీయండి. తర్వాత గళ్లను దరువుకు తగ్గట్టు జరుపుకోవచ్చు. దరువును గళ్లలకు నూకొద్దు.

ఇగ ఎంపిక. సినిమా స్టూడియోల కొలువు చేయాలంటే ప్రో టూల్స్ (ఇది కూడ 1991దే), క్యూబేస్, న్యూయెండో నేర్వాల్సిందే. దాంట్ల మొహమాటం లేదు, నేర్వండి. ముసలామె పాట ఒక్కటి భద్రం చేయనీకైతే ఆడాసిటీ చాలు. అమెరికాల కార్నెగీ మెలన్ యూనివర్సిటీల పుట్టి 2000ల జనానికి వచ్చింది, పైసా అక్కర్లేదు. 2021ల దాన్ని మ్యూజ్ గ్రూప్ తీసుకున్నప్పుడు, సమాచారం సేకరించే షరతుల మీద గొడవ లేచింది. దాని కోడ్ జీపీఎల్ లైసెన్సు కింద బహిరంగం కాబట్టి, నచ్చనోళ్లు కాపీ తీసుకొని వేరే దారి పట్టిన్రు. ఆ హక్కు కాగితం మీద ఉండాలె, యజమాని దయ మీద కాదు. కేక్‌వాక్ సంగతి చూడండి. 2017ల గిబ్సన్ కంపెనీ ఒక్క ప్రకటనతోని దాని పని ఆపేసింది. 2018ల బ్యాండ్‌ల్యాబ్ కొని ఉచితం చేసింది. వాడేటోళ్లను ఎవరైనా అడిగిండ్రా? లినక్స్ వాడేటోళ్లకు ఆర్డర్ ఉన్నది, పాల్ డేవిస్ చేసింది, అది కూడ జీపీఎల్. ఓపిక ఉన్నోళ్లకు అదే అన్నిటికంటే సొంతం.

రీపర్ జీపీఎల్ కాదు. అయినా నేను దాన్నే ఎందుకు వాడుతున్న? విన్‌ఆంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ 2005ల మొదలుపెట్టిండు. పాత లాప్‌టాప్‌ల కూడ నడుస్తది. 60 రోజులు తాళం లేకుండ చూసుకోవచ్చు. చిన్న ఆదాయం ఉన్నోళ్లకు 60 డాలర్లు, అంటే ఐదు వేల పైచిలుకు, నెల నెల కిరాయి లేదు. అన్నిటికంటే ముఖ్యం, దాని ప్రాజెక్ట్ ఫైలు మామూలు అక్షరాల ఫైలు. రేపు ఆ కంపెనీ లేకపోయినా నోట్‌ప్యాడ్‌ల తెరిచి ఏ ట్రాక్ ఎక్కడున్నదో చదువుకోవచ్చు. క్రాక్ వేసుకుంటం అంటరు కొందరు. పేదోడికి నీతులు చెప్పే తీరిక నాకు లేదు. కానీ క్రాక్ వేసిన ప్రాజెక్టు ఇంకో మిషన్‌ల తెరుచుకోకపోతే నీ పాట పోతది, కంపెనీది కాదు.

పాట అచ్చు తీసేటప్పుడు రీపర్‌ల మెటాడేటా అని ఒక కిటికీ ఉంటది. బ్రాడ్‌కాస్ట్ వేవ్ అని 1997ల యూరప్ రేడియోలోళ్లు తెచ్చిన పద్ధతి ప్రకారం, వేవ్ ఫైలు లోపలనే వివరాలు రాసి పెట్టొచ్చు. రాసినోళ్లు, పాడినోళ్లు, డప్పు కొట్టినోళ్లు, ఊరు, తేదీ. అన్నీ నింపండి. ఆ ఫైలును, ప్రాజెక్టును రెండు వేర్వేరు డిస్కులల్ల, రెండు వేర్వేరు ఇండ్లల్ల పెట్టండి. కాపీరైట్ చట్టం 1957దే అయినా, పాట రాసినోళ్లు తమ రాయల్టీ వాటాను ఊరికే రాసిచ్చేయకుండ అడ్డం పడ్డది 2012 సవరణ. రేపు ఎవరితోనన్న ఆ లెక్క అడగాల్సి వస్తే ఆ తేదీలు, ఆ పేర్లు అక్కరకొస్తయి.

అయితే యూట్యూబ్‌కు ఎక్కినంక, వాట్సాప్‌ల తిరిగినంక ఆ లోపలి రాతలు ఉంటయన్న నమ్మకం లేదు. అందుకే నేను ఇంకో పని చేయిస్త. టేక్ అయిపోంగనే మైకు బంద్ చేయను. డప్పు కొట్టినాయనను ఒక్క మాట అడుగుత, "పెద్దనాయినా, మీ పేరు, మీ నాయిన పేరు, మీ ఊరు చెప్పరాదు." కొందరు సిగ్గుపడతరు. కొందరు పేరుతో పాటు ఆ దరువు ఎవరి దగ్గర నేర్చిండ్రో కూడ చెప్తరు. అదంతా ఒరిజినల్‌ల ఉంచుత. మీరూ ఉంచండి.

వచ్చే భాగంల సీడీల కాలం, ఊరూర జాతరలల్ల అమ్మిన పాటల డబ్బాల సంగతి. మీ ఇండ్లల్ల పాత క్యాసెట్లు ఉంటే పారేయకండి, వాటి మీద చేతిరాత ఉంటే ఫొటో తీసి నాకు పంపండి.

జై భీమ్.