తలుపులకు తాళం వేసి ఆడిన మ్యాచ్



మొన్న గ్రూపులో కబడ్డీ టోర్నమెంట్ల గురించి మాట్లాడుకుంటుంటే ఒక తమ్ముడు అడిగాడు, "ఆటలకి చరిత్ర ఏముంటది అన్నా, గెలిచినోడి పేరు తప్ప?" అని. గెలిచినా పేరు రాయని మ్యాచ్ ఒకటుంది తమ్ముడూ. దాని గురించే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో డర్హమ్ అనే ఊరు. అక్కడ ఇప్పుడు నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ అని ఒకటి ఉంది. 1940ల మొదట్లో దాని పేరు నార్త్ కరోలినా కాలేజ్ ఫర్ నీగ్రోస్. కాలేజీ పేరులోనే కులం పేరు పెట్టినట్టు, అట్లా ఉండేది. తెల్లవాళ్ళ కాలేజీల్లో సీటు ఇవ్వరు కాబట్టి నల్లజాతి పిల్లలకోసం జేమ్స్ షెపర్డ్ అనే ఆయన 1910లో మొదలుపెట్టిన చోటు అది. అదే ఊళ్ళో డ్యూక్ యూనివర్సిటీ ఉంది. డబ్బూ పేరూ రెండూ ఉన్నది. నల్లజాతి విద్యార్థులకి డ్యూక్ తలుపు తెరిచింది 1961లో. డిగ్రీ పిల్లలకైతే 1963 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ జట్టు గురించి చెప్పాలంటే ముందు కోచ్ గురించి చెప్పాలి. జాన్ మెక్లెండన్, 1915లో కాన్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. 1933లో కాన్సాస్ యూనివర్సిటీలో చేరాడు. బాస్కెట్‌బాల్ ఆటని పుట్టించిన జేమ్స్ నైస్మిత్ అక్కడే పని చేస్తున్నాడు. చలికాలంలో పిల్లలు లోపలే ఆడుకోడానికి 1891లో వ్యాయామశాల బాల్కనీకి పీచ్ పళ్ళ బుట్టలు కొట్టించి, 13 రూల్సు రాసిన మనిషి ఈయనే. (కాన్సాస్ జట్టుకి మొదటి కోచ్ కూడా ఆయనే. గెలిచిన మ్యాచ్‌ల కంటే ఓడినవే ఎక్కువ. ఆట పుట్టించినోడి లెక్కే అట్లా ఉంటే ఇక మనదేముంది.) మెక్లెండన్ నేరుగా ఆయన గదికి పోయి, మీరే నా గైడ్ అని మా నాన్న చెప్పి పంపాడు అన్నాడట. ఆ ముసలాయన నవ్వి ఒప్పుకున్నాడు అంటారు. మనలో ఇంట్లో ఫస్ట్ టైమ్ కాలేజీ మెట్లెక్కినవాళ్ళకి ఆ ధైర్యం విలువ తెలుసు. అడ్మిషన్ రోజు ఏ కౌంటర్ ముందు నిలబడాలో తెలీక సగం రోజు పోయింది మనకి.

నైస్మిత్ దగ్గర ఆట నేర్చుకున్నాడు, వ్యాయామ విద్యలో డిగ్రీ తీసుకున్నాడు, కానీ కాన్సాస్ జట్టులో మాత్రం ఆడలేదు. నల్లవాళ్ళని తీసుకోరు. ఒకసారి యూనివర్సిటీ ఈతకొలనులో దిగితే తర్వాత నీళ్ళన్నీ తోడేశారు. ఇక్కడ మేం ఒక మాట చెప్పాలి. నైస్మిత్ మంచివాడే, మెక్లెండన్ పక్కనే నిలబడ్డాడు. అయినా జట్టులో చోటు రాలేదు. మంచి సార్లు మనకీ ఉన్నారు. సార్ మంచోడైనంత మాత్రాన రూలు మారదు, ఈ రెండూ వేరు వేరు.

1940లో మెక్లెండన్ డర్హమ్ కాలేజీ జట్టుకి హెడ్ కోచ్ అయ్యాడు. జట్టు పేరు ఈగల్స్, అంటే గద్దలు. అప్పట్లో బాస్కెట్‌బాల్ చాలా నిదానంగా ఆడేవాళ్ళు. బంతి పట్టుకుని నిలబడి, నింపాదిగా ఒకరికొకరు ఇచ్చుకుంటూ, చోటు దొరికినప్పుడు వేసేవాళ్ళు. మెక్లెండన్ దాన్ని తిప్పేశాడు. బంతి చేతికి చిక్కిన మరుక్షణం ఐదుగురూ అవతలి బుట్ట వైపు పరిగెత్తాలి, పోగొట్టుకుంటే కోర్టు మొత్తం వెంటాడి లాక్కోవాలి. దీన్నే ఫాస్ట్ బ్రేక్, ప్రెస్ అంటున్నారు ఇప్పుడు. అట్లా ఆడాలంటే ఊపిరి కావాలి. అందుకే సీజన్ రాకముందే పిల్లల్ని మైళ్ళకి మైళ్ళు పరిగెత్తించేవాడు. చూసేవాళ్ళకి అది పుట్టుకతో వచ్చిన వేగం లాగా కనిపిస్తది. "మీవాళ్ళకి కొండలెక్కే అలవాటు కదా, రన్నింగ్ ఈజీ" అని మనల్ని అన్నట్టే. ప్రాక్టీసు ఎవడికీ కనపడదు.

1943–44 సీజన్‌లో ఈగల్స్ ఒక్క మ్యాచ్ తప్ప అన్నీ గెలిచారు. అయినా దేశం మొత్తం చూసే ఎన్సీఏఏ టోర్నమెంట్‌కి నల్లజాతి కాలేజీలకి పిలుపు ఉండదు. నువ్వెంత ఆడినా నీ వాళ్ళతోనే ఆడాలి. అప్పుడు నువ్వు గొప్పోడివా కాదా అనేది ఎట్లా తేలుతది? తేలకుండా ఉండడానికే ఆ ఏర్పాటు అని మా అభిప్రాయం.

ఆ టైమ్‌లో డ్యూక్ మెడికల్ స్కూల్ జట్టు ఒకటి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సైన్యం తరఫున డాక్టరు చదువుతున్నవాళ్ళలో అంతకుముందు వేరే వేరే కాలేజీలకి ఆడినవాళ్ళు ఉన్నారు. ఊళ్ళో వాళ్ళని మించినవాళ్ళు లేరని పేరు. రెండు కాలేజీల నుంచీ కొంతమంది విద్యార్థులు వైఎంసీఏ తరఫున చాటుగా కలిసి మాట్లాడుకునేవాళ్ళు. మా జట్టు గొప్పదంటే మా జట్టు గొప్పదని అక్కడ మాట మాట పెరిగి, సరే ఆడి తేల్చుకుందాం అనేదాకా వచ్చింది.

మార్చి 12, 1944, ఆదివారం. పొద్దున 11 గంటలు. ఆ టైమే ఎందుకంటే ఊరంతా చర్చిలో ఉంటది, పోలీసులతో సహా. డ్యూక్ పిల్లలు అడిగి తెచ్చుకున్న కార్లలో సందులు గొందులు తిరిగి వచ్చారు. దిగేటప్పుడు మొహాలు కనపడకుండా కోట్లు తలమీదికి లాక్కున్నారు. లోపలికి పోగానే జిమ్ తలుపులకి తాళం పడింది. ప్రేక్షకులు లేరు. రిఫరీ ఉన్నాడు, గడియారం ఉంది. కొంతమంది స్టూడెంట్లు మాత్రం ఎట్లాగో పసిగట్టి కిటికీలు పట్టుకుని తొంగి చూశారు. హాస్టల్ పిల్లలు ఎక్కడైనా ఒకటే.

మొదట్లో ఈగల్స్ చేతులు వణికాయి. పాసులు జారాయి, సులువుగా పడే బంతులు కూడా పడలేదు. తెల్లవాళ్ళతో వాళ్ళెప్పుడూ ఆడలేదు. తర్వాత ఎక్కడో ఆట మధ్యలో, వీళ్ళు కూడా మనలాంటివాళ్ళే, వీళ్ళని ఓడించొచ్చు అని అర్థమైంది. ఆబ్రీ స్టాన్లీ అనే ఆటగాడు ముసలితనంలో ఈ క్షణం గురించే చెప్పుకున్నాడు. మాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఇక అక్కడినుంచి పరుగే. చివరికి స్కోరు 88–44. సరిగ్గా రెట్టింపు.

ఆ తర్వాత ఇంకో గేమ్ ఆడారు. ఈసారి రెండు జట్లనీ కలిపేసి, ఒక పక్కన చొక్కాలున్నవాళ్ళు, ఇంకో పక్కన చొక్కాలు విప్పినవాళ్ళు. అయ్యాక డ్యూక్ పిల్లలు వీళ్ళ హాస్టల్‌కి వచ్చి కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు.

చాలామంది దీన్ని స్నేహం కథలాగా చెప్తారు. స్నేహం ఉంది, కాదనం. కానీ దొరికిపోయి ఉంటే ఎవరికి ఏమయ్యేది? డ్యూక్ పిల్లలకి చీవాట్లు పడేవి. మెక్లెండన్‌కి ఉద్యోగమే కాదు, ప్రాణం కూడా పోవచ్చు. ఇది మేం ఊరికే అనడం లేదు. అదే ఏడాది జులైలో అదే ఊళ్ళో బుకర్ స్పైస్లీ అనే నల్లజాతి సైనికుణ్ణి, యూనిఫాంలో ఉన్నవాణ్ణి, బస్సులో వెనక సీటుకి పోయే విషయంలో గొడవపడి బస్సు డ్రైవర్ కాల్చి చంపాడు. కోర్టులో జ్యూరీ డ్రైవర్‌ని నిర్దోషి అంది. మ్యాచ్ అయి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు.

అందుకే అందరూ నోరు మూసుకున్నారు. నల్లజాతి పత్రిక కరోలినా టైమ్స్ విలేఖరి ఒకాయనకి సంగతి తెలుసు. రాయలేదు. స్కోరు ఏ రికార్డులోకీ ఎక్కలేదు. స్కాట్ ఎల్స్‌వర్త్ అనే చరిత్రకారుడు ముసలివాళ్ళైన ఆటగాళ్ళని వెతికి, మాట్లాడి, 1996లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసేదాకా అంటే 52 ఏళ్ళు ఈ మ్యాచ్ చూసినవాళ్ళ నోట్లోనే ఉంది. మన ఊళ్ళల్లో కూడా ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయో, ఎవరి నోట్లో ఉన్నాయో.

తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాం. 1946లో నల్లజాతి కాలేజీలు వాషింగ్టన్‌లో సొంత టోర్నమెంట్ పెట్టుకున్నాయి. పెట్టినవాళ్ళలో మెక్లెండన్ ఒకడు. మొదటి ఫైనల్ మూడు ఎక్స్‌ట్రా టైములు పోయింది, గెలిచింది ఈగల్సే. ఈ జట్టు నుంచి వచ్చిన శామ్ జోన్స్ బోస్టన్ సెల్టిక్స్ తరఫున 10 ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. మెక్లెండన్ 1952లో డర్హమ్ వదిలేశాడు. తర్వాత టెన్నెసీ ఏ అండ్ ఐ జట్టుతో 1957, 58, 59 వరసగా మూడేళ్ళు ఎన్ఏఐఏ జాతీయ టైటిల్ కొట్టాడు. టోర్నమెంట్‌కి పిలిస్తే ముందు ఒక షరతు పెట్టేవాడు: మిగతా జట్లకి ఇచ్చే హోటల్లోనే మా పిల్లలకీ గదులు ఇవ్వాలి.

ఈగల్స్ 1989లో ఎన్సీఏఏ డివిజన్ 2 ఛాంపియన్లయ్యారు. ఫైనల్‌లో 73–46. ఒకప్పుడు గుమ్మం కూడా తొక్కనివ్వని ఎన్సీఏఏ అది. 2014లో మొదటిసారి డివిజన్ 1 టోర్నమెంట్‌కి కూడా వెళ్ళారు. వాళ్ళ ఇండోర్ స్టేడియం పేరులో ఇప్పుడు మెక్లెండన్ పేరుంది.

నైస్మిత్ పేరు మీద ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ మెక్లెండన్‌ని 1979లో తీసుకుంది. కానీ కోచ్‌గా కాదు, ఆటకి సేవ చేసిన మనిషిగా. కోచ్‌గా తీసుకుంది 2016లో. ఆయన చనిపోయింది 1999లో.

శామ్ జోన్స్ గురించి వేరే పోస్టు రాస్తాం. మీ దగ్గర పాత ఆశ్రమ పాఠశాల జట్ల ఫోటోలు ఏమైనా ఉంటే కింద పెట్టండి, నిలబడ్డవాళ్ళ పేర్లు తెలిస్తే పేర్లతో సహా.