డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి: వెలివేతకు గురైనవారి విశ్వాసం, క్షమ

డిచ్‌పల్లి నిజామాబాద్ జిల్లాలో, అంటే పూర్వం ఇందూరు అని పిలిచిన సీమలో, ఉంది. ఈ సీమ క్రైస్తవ చరిత్ర అనగానే చాలామంది రచయితలు పొరుగున ఉన్న మెదక్ చర్చి దగ్గరే ఆగిపోతారు; 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకున్న ఆ కట్టడం ఘనత కాదనలేనిదే అయినా, కష్టకాలంలో విశ్వాసం ఎలా నిలిచింది, తమను వెళ్ళగొట్టినవారిపై మనుషులు పగను ఎలా విడువగలిగారు అన్న ప్రశ్నలకు డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి చెప్పగలిగినంత మెదక్ గోపురం చెప్పలేదు.

స్కాట్లాండ్‌కు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త, వెస్లియన్ మెథడిస్టు పాదిరి జార్జ్ కెర్ 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. వెస్లియన్ మెథడిస్టులంటే 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ బోధనలతో రూపుదిద్దుకున్న ప్రొటెస్టంటు శాఖవారు. 1911లో నిజామాబాద్‌కు మారిన తరువాత, చికిత్సకు చోటులేక తిరుగుతున్న కుష్ఠు రోగుల సంఖ్య చూసి, వారికోసం ఆ దంపతులు అక్కడి ఆసుపత్రి పక్కనే తాత్కాలిక వసతి ఏర్పాటు చేశారు గాని, 1913 నాటికే అది ఏమాత్రం చాలకపోయింది. అప్పుడు రాజా నర్సాగౌడ్ ఇచ్చిన పెద్ద విరాళంతో డిచ్‌పల్లిలో కట్టడాలు లేచి, 1915లో విక్టోరియా ఆసుపత్రి ఆరంభమైంది. దాత హిందువు, రాజ్యం ముస్లిం ప్రభువుది, నడిపినవారు క్రైస్తవులు అన్న సంగతిని మతాల కోణంలోంచి మాత్రమే చరిత్రను చదివేవారు గుర్తుంచుకోవడం మంచిది.

పల్లెలు పెద్దరోగమని పిలిచిన ఈ వ్యాధి శరీరానికి చేసే హాని కంటే మనిషికీ మనిషికీ మధ్య చేసే హాని పెద్దది. వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నా, పూర్వజన్మ పాపఫలమన్న నమ్మకం ఊళ్ళలో చెక్కుచెదరలేదు. ఆ నమ్మకం వల్ల రోగిని ఇంటినుంచి వెళ్ళగొట్టడం క్రౌర్యంగా కాక ఆచారంగా చెలామణి అయ్యేది. కాబట్టి వెలికి గురైనవాడి కోపానికి కనీసం మూడు లక్ష్యాలుండేవి: తలుపు మూసిన అయినవారు, మొర విననట్టున్న దైవం, చెప్పినమాట వినని సొంత శరీరం.

బైబిలు సైతం ఈ విషయంలో ఒకే మాట మీద లేదన్నది దాచవలసిన సంగతి కాదు. యూదుల ఆచారవిధులను వివరించే లేవీయకాండము 13వ అధ్యాయం చర్మవ్యాధిగ్రస్తుణ్ణి అపవిత్రుడిగా ప్రకటించి, పాళెము వెలుపల, అంటే జనావాసానికి ఆవల, ఒంటరిగా ఉండమంటుంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు అలాంటివాణ్ణి ముందు ముట్టుకుని, ఆ తరువాత స్వస్థపరుస్తాడు. కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన మిషనరీలకు ఆధారమైనది ఈ రెండవ ఘట్టమే. ఐర్లండుకు చెందిన వెల్లెస్లీ బెయిలీ 1874లో స్థాపించిన కుష్ఠు రోగుల మిషన్, డిచ్‌పల్లికి కూడా ఆసరాగా నిలిచిన సంస్థ, ఈ స్పర్శనే తన పనికి మూలంగా భావించింది. దేవునిపై ఫిర్యాదును కూడా క్రైస్తవ మతం ప్రార్థనగానే స్వీకరించింది: ఎరిగినవారంతా దూరమయ్యారని మొరపెట్టుకునే 88వ కీర్తన ఏ ఊరటా లేకుండా చీకటిలోనే ముగుస్తుంది, అయినా దానిని గ్రంథంలోంచి ఎవరూ తీసివేయలేదు.

క్షమకు బోధకులు తరచు చూపే ఉదాహరణ ఆదికాండములోని యోసేపు. అన్నలు బానిసగా అమ్మివేసిన ఆ యువకుడు చివరకు వారిని క్షమించిన మాట నిజమే గాని, ఆ క్షమ ఐగుప్తు ధాన్యాగారాల తాళాలు అతని చేతికి వచ్చిన తరువాత, అన్నల మనసు మారిందో లేదో పరీక్షించిన తరువాత వచ్చిందన్నది ప్రసంగాలలో తరచు జారిపోతుంది. నిలబడడానికి కాస్త నేల లేనివాణ్ణి క్షమించమనడం బోధ కాదు, మరొక బరువు.

డిచ్‌పల్లి విలువ ఆ నేలను సమకూర్చడంలో ఉంది. 1920ల ఆరంభానికి అక్కడ దాదాపు 120 కట్టడాలు లేచి, 400 మందికి పైగా రోగులు నివసించే ఒక ఊరే ఏర్పడింది. అప్పటి వైద్యం హిడ్నోకార్పస్ జాతి చెట్ల గింజల నూనె. నోటితో మింగితే వాంతులు పుట్టించే ఆ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతి లియొనార్డ్ రోజర్స్ వంటి వైద్యుల కృషితో అందుబాటులోకి రాగా, ఇసబెల్ దానిని డిచ్‌పల్లిలో అమలుచేశారు. సూది నొప్పిని నెలల తరబడి ఓర్చుకోవలసి వచ్చినా, వ్యాధి శాపం కాదు, మందు ఉన్న జబ్బు అని రోగి తన ఒంటిమీదే తెలుసుకునే వీలు మొదటిసారిగా కలిగింది. శాపమన్న మాట సడలితే, శపించినవారిపై పగకున్న పట్టు కూడా కొంత సడలుతుంది. అక్కడ బాప్తిస్మం పొందినవారి విశ్వాసాన్ని కేవలం కృతజ్ఞతగా కొట్టిపారేసే విమర్శకులు ఈ మార్పును తక్కువగా అంచనా వేస్తారు.

ఈ సేవలో మచ్చలేదని చెప్పడం సరికాదు. ఆ కాలపు మిషన్ ఆశ్రమాల్లో స్త్రీపురుషులను వేరుగా ఉంచడం, ఆరోగ్యవంతులైన పిల్లలను తల్లిదండ్రుల నుండి దూరం చేయడం సాధారణ నియమాలు. వెలికి మందు వేయబూనిన చోటే వెలి మరొక రూపంలో కొనసాగిందనక తప్పదు.

కెర్ దంపతులు 1923లో, ప్రజాసేవకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన కైసర్-ఇ-హింద్ పతకం అందుకున్నారు. ఇసబెల్ 1932 జనవరిలో డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా మరణించగా, జార్జ్ 1938 వరకు అక్కడ పనిచేశారు. వారితో పనిచేసిన వైద్యుడు జాన్ లో తరువాతి కాలంలో నైజీరియాలో డాప్సోన్ అనే మాత్రతో చికిత్సను స్థిరపరచినవారిలో ఒకరయ్యారు. 1980లలో బహుళ ఔషధ చికిత్స, అంటే పలు మందులను కలిపి ఇచ్చే పద్ధతి, రావడంతో వ్యాధి పూర్తిగా నయమయ్యేదిగా మారింది.

చట్టం మాత్రం వైద్యం వెంట నడవలేదు. భారత క్రైస్తవుల విడాకులకు వర్తించే 1869 నాటి చట్టాన్ని 2001లో సవరించినప్పుడు, నయంకాని తీవ్రమైన కుష్ఠును విడాకులకు ఒక కారణంగా కొత్తగా చేర్చారు. ముట్టుకున్న క్రీస్తును ఆరాధించే సమాజానికి వర్తించే చట్టంలో, మందు దొరికిన రెండు దశాబ్దాలకు, ఈ వాక్యం చేరడాన్ని చరిత్రకారులు ఉపేక్షించరాదు. హిందూ, ముస్లిం వివాహ చట్టాలలోని ఇలాంటి నిబంధనలతో పాటు దానిని పార్లమెంటు 2019లో తొలగించింది.