కట్టుబడి బంటు జ్ఞాపకం: 1846 తిరుగుబాటుకు రెండు సాక్ష్యాలు

పోరులో పాల్గొన్నవాడు తన అనుభవాన్ని తానే చెప్పుకోవడం యుద్ధచరిత్రకు విలువైన ఆధారం. రాయలసీమలో ఆయుధం పట్టిన సామాన్యుల విషయంలో ఈ ఆధారం అరుదు. వారు రాసుకోలేదు, వారిని గురించి రాసినవారు వారిని గెలిచినవారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచిన కట్టుబడి బంట్ల జ్ఞాపకాన్ని ఎక్కడ వెతకాలన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

నేటి లింగాల, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలు 1800 అక్టోబరులో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలోనివి. 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో నాటికి ఈ మండలాలలో సుమారు 80 మంది పాళెగాండ్రు, వారి కింద 30,000 మంది సాయుధ బంట్లు ఉండేవారు. జనరల్ క్యాంప్‌బెల్ సేనల సాయంతో మన్రో పాళెగాండ్రను అణచివేశాడు. ఈ కాఠిన్యాన్ని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి పదవీచ్యుతుడైనవారిలో ఒకడు. అతని దౌహిత్రుడే నరసింహారెడ్డి.

పాళెగాడు పోయినా బంటు మిగిలాడు. కట్టుబడి బంటుకు జీతం నాణెం కాదు, నేల. సేవకు ప్రతిఫలంగా నామమాత్రపు శిస్తుపై అనుభవించే మాన్యం అతని కూడూ, ఊరిలో అతని గౌరవమూ. కంపెనీ పాలన గ్రామరక్షణను తన పోలీసు వ్యవస్థలోకి తెచ్చుకొన్న కొద్దీ ఆ సేవకు అవసరం తగ్గింది. సేవ లేదన్న కారణంతో మాన్యాలను స్వాధీనం చేసుకోవడం మొదలైంది. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం పొందుతూ, నొస్సం కుటుంబపు భరణంలో వాటా దక్కని నరసింహారెడ్డి కోపమూ, నేల కోల్పోయిన బంట్ల కోపమూ ఇక్కడ కలిశాయి.

1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. ఆ తాలూకా అప్పుడు కడప జిల్లాలోనిది, కలెక్టరు కాక్రేన్. గిద్దలూరు పరిసరాలలో పోరు సాగింది. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతన్ని ఉరితీశారు. తలను 1877 వరకు కోట బురుజుపై వేలాడదీసి ఉంచారని ప్రసిద్ధి. భయపెట్టడానికి ఉంచిన ఆ తల ఒక తరానికి జ్ఞాపకచిహ్నమైంది.

ఈ పోరుకు మిగిలిన సాక్ష్యాలు రెండు. మొదటిది కంపెనీ ఉత్తరప్రత్యుత్తరాలు. వాటిలో తేదీలు, దళాల కదలికలు, అభియోగాలు ఉన్నాయి. మాన్యాల తగాదా కూడా ఉంది. బంటు మాత్రం నేరస్థుల సంఖ్యలో ఒక అంకె. రెండవది పాట. తెలుగు వీరగాథా కవిత్వంపై పరిశోధించిన తంగిరాల వెంకట సుబ్బారావు వంటివారు పరిశీలించిన ఈ గాథలో పోరు గుండెచప్పుడు వినిపిస్తుంది. అయితే పాట నాయకుని చుట్టూ తిరుగుతుంది. వడ్డె ఓబన్న వంటి సహచరుల పేర్లు ప్రజల నోట నిలిచాయి. మాన్యం కోల్పోయిన వందలాది మంది ఊరూ పేరూ నిలవలేదు.

కనుక దస్త్రాన్ని ‘నిజం’గా, పాటను ‘కల్పన’గా విడదీయడం సరికాదు. రెండూ ఎవరో ఒకరి పక్షాన నిలిచినవే. దస్త్రం కారణాన్ని దాచి ఉంచింది, పాట ఆవేశాన్ని. బంటు ఎందుకు ఆయుధం పట్టాడో మొదటిది చెబుతుంది; అలా పట్టినవాణ్ణి ఊరు ఎలా తలచుకొన్నదో రెండవది చెబుతుంది. రెంటినీ కలిపి చదివినప్పుడే, తన కథను తాను రాసుకోని సైనికుని ఆకృతి లీలగానైనా కనిపిస్తుంది.