పడవను మోసిన పిల్లలు

కెనడాలో ఒంటారియో ఉత్తరాన టెమాగమి సరస్సు ఉంది. నలువైపులా పాయలు చాచి, వందలకొద్దీ దీవులు నింపుకున్న నీరది. 1893లో అమెరికాలోని మెయిన్‌లో మొదలైన కీవేడిన్ వేసవి శిబిరం, 1900ల తొలి ఏళ్లలో ఇక్కడి ఒక దీవికి చేరింది.

శిబిరమంటే ఆటపాటలే అనుకుంటాం. ఇక్కడ అసలు చదువు మోతలో ఉంది. ఒక సరస్సు అయిపోయి ఇంకో సరస్సు వచ్చేదాకా పడవ, గుడారం, తిండి అన్నీ కాలిబాటన మోసుకెళ్లాలి. దాన్నే పోర్టేజ్ అంటారు. వంట సామాను 'వానిగన్' అనే చెక్కపెట్టెలో సర్దుతారు. పెట్టెకు బిగించిన తోలు పట్టీని నెత్తి ముందుభాగాన తగిలించుకుని, మెడ నిటారుగా పెట్టి, నడుము వంచి నడుస్తారు. బరువంతా వెన్ను మీదుగా దిగుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ముసురుకునే దోమల్ని తోలుకోవడానికి.

ఈ విద్య శిబిరాలు కనిపెట్టింది కాదు. భూర్జ చెట్టు బెరడుతో పడవలు కట్టిన అనిషినాబే ఆదివాసులవే ఆ దారులు, ఆ పట్టీ. తొలి శిబిరాలకు దారి చూపిన గైడ్లలోనూ వాళ్లున్నారు. ఏ శిబిరం కథ చెప్పినా ముందు చెప్పాల్సిన మాట ఇది.

ఆడపిల్లలు కూడా ఆలస్యం చేయలేదు. అమెరికాలోని రోచెస్టర్‌కు చెందిన ఫ్యానీ కేస్ 1900ల తొలి దశాబ్దంలోనే ఒంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కులో నార్త్‌వే లాడ్జ్ అనే అమ్మాయిల శిబిరం నడిపారు. పొడవు గౌన్ల కాలంలో అమ్మాయిలు అక్కడ తెడ్డు పట్టారు.

ఈ చరిత్రలో కన్నీళ్లూ ఉన్నాయి. 1978 జూన్‌లో ఇదే ప్రాంతంలోని టిమిస్కమింగ్ సరస్సులో యాత్రకు వెళ్లిన ఒక బడి పిల్లల పడవలు బోల్తాపడ్డాయి. 12 మంది అబ్బాయిలు, ఒక ఉపాధ్యాయుడు చనిపోయారు. లైఫ్‌జాకెట్లు ఒంటిమీదే ఉన్నా, మంచులాంటి ఆ నీళ్ల చలికి తట్టుకోలేకపోయారు.