గంప క్రింది కోడి: పెరటి మందలో తెగులు, పొడుపు వరుస – ఒక చారిత్రక పరిశీలనము

సంస్కృతాంధ్ర వాఙ్మయములలో కోడికి గల స్థానము సామాన్యమైనది కాదు. వాత్స్యాయనుడు పేర్కొనిన 64 కళలలో మేష కుక్కుట లావక యుద్ధవిధి యొకటి. వరాహమిహిరుడు బృహత్సంహితలో కుక్కుటలక్షణమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించెను. దండి రచించిన దశకుమారచరితమున ప్రమతి కథలో కోడిపందెము వచ్చును. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కనకు అంకితమొసగెను. ఓరుగల్లు వీథులను కన్నులకు గట్టించు క్రీడాభిరామమున కోడిపోరు కలదు. పల్నాటి కథ సంగతి చెప్పనక్కరలేదు. బ్రహ్మనాయుని పక్షమునకును నాయకురాలు నాగమ్మ పక్షమునకును జరిగిన పందెమున ఓడినవారు ఏడేండ్లు దేశము విడువవలసివచ్చెను. ఇక కుక్కుటశాస్త్రమను పేర పందెగాండ్ర నడుమ ప్రచారమున నున్న గ్రంథములు కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ, కౌజు అని ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లిడి, ఏది యే దినమున గెలుచునో నిర్ణయించుచున్నవి.

ఈ సామగ్రి నంతయు ఒకచోట చేర్చి చూచినచో ఒక విషయము స్పష్టమగును. గ్రంథములలోని కోడి ప్రాయికముగా ఒంటి కోడి. అది బరిలో నిలిచినది, లేదా శకునము చెప్పునది. పది పెట్టలు, ఒక పుంజు, వాని వెంట పిల్లలు కలసి పెరటిలో గింజలేరుకొని బ్రతుకు మంద మన వాఙ్మయమున కనబడుట అరుదు. దానికి కారణము ఊహింపరానిది కాదు. పందెపు పుంజు పురుషుల చేతిలోనిది. పెరటి మంద స్త్రీల చేతిలోనిది. తన కోడియు తన కుంపటియు లేనిదే ఊరికి తెల్లవారదని తలచిన ముసలమ్మ కథ తెలుగునాట అందరెరిగినదే. జనశ్రుతి కోడిని ఎవరి సొత్తుగా చూచినదో ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది.

పెరటి మందను సాకు స్త్రీకి నిత్యము ఎదురగు చిక్కులు ముఖ్యముగా రెండు. ఒకటి తెగులు, రెండవది కోళ్ళు ఒకదానినొకటి పొడుచుకొనుట. ఈ రెండింటిని గూర్చిన జ్ఞానము లోకమున ఎట్లు పెరిగినదో, ఆ రెండు జ్ఞానములు ఎచ్చట కలియునో, ఎచ్చట విరోధించునో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

మొదట పొడుచుకొనుట సంగతి. పెంపుడుకోడికి ప్రధానమైన మూలజాతి ఎఱ్ఱ అడవికోడి. మన దేశమున ఎఱ్ఱ అడవికోడి ఉత్తర, ఈశాన్య, మధ్య భాగములందును, బూడిదవన్నె అడవికోడి దక్షిణాపథమునందును నివసించును. ఈ రెండింటి ఎల్లలు సుమారుగా గోదావరీ ప్రాంతమున కలియుట తెలుగువారికి ఆసక్తి కలిగింపదగిన విషయము. అడవికోడి ఒంటరిగా బ్రతుకునది కాదు. ఒక పుంజు, కొన్ని పెట్టలు గుంపుగా తిరుగును. గుంపున ఎవరు ముందు తినవలెను, ఎవరు తొలగవలెను అను నిర్ణయము లేనిచో ప్రతి గింజకును ఒక పోరు తప్పదు. పెరటి పెట్టల పొడుపు ఈ అడవి వారసత్వమే గాని కొత్తగా అబ్బిన దుర్గుణము కాదు.

ప్రాచీనులు ఈ స్వభావమును ఎరుగకపోలేదు. క్రీ.శ. 1వ శతాబ్దమునందలి రోము దేశపు వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా తన గ్రంథము 8వ భాగమున పెరటి పక్షులను గూర్చి విపులముగా వ్రాసెను. తోటి పుంజులను వేధించు పుంజును అదుపు చేయుటకు ఆయన చెప్పిన ఉపాయము సులభమైనది: గుండ్రముగా కోసిన తోలుముక్క నడుమ రంధ్రము చేసి, దానిలో పుంజు కాలు దూర్చవలెను. ఆ సంకెల వలన దాని దుడుకుదనము తగ్గును. నాలుక కొనను తెల్లని పొర గట్టు రోగమును గూర్చియు ఆయన వ్రాసెను. ఆ పొరను గోళ్ళతో తీసి, ఆ చోట బూడిద, వెల్లుల్లి రాయవలెనని ఆయన చికిత్స. నాసికారంధ్రములు మూసుకొనిపోయి కోడి నోటితో ఊపిరి పీల్చుటచే నాలుక ఎండి ఆ పొర ఏర్పడునని నేటి పశువైద్యుల అభిప్రాయము. కావున ఆ పొర రోగము కాదు, రోగచిహ్నము మాత్రమే. ఇట్లు రోమీయ గ్రంథమున పోరును తెగులును ఒకే పుస్తకమున చోటు చేసికొన్నవి. కాని ఒకదానికి మరొకదానితో గల సంబంధమును ఆయన విచారింపలేదు.

పొడుపునకు ఒక క్రమమున్నదని నిరూపించిన కీర్తి నార్వే దేశీయుడైన థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె అను పండితునికి దక్కినది. 1894లో జన్మించిన ఈయన బాల్యమునుండియు కోళ్ళను గమనించుచు, ఏ కోడి ఏ కోడిని పొడుచునో వ్రాసి యుంచుకొనెడివాడు. 1921లో జర్మనీ దేశమునందలి గ్రైఫ్స్వాల్డ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమునందును, 1922లో ప్రకటించిన వ్యాసమునందును తన పరిశీలనలను వెల్లడించెను. రెండు కోళ్ళు కలిసినపుడు వానిలో ఏది పొడుచునో ఏది పొడిపించుకొనునో నిశ్చయమై యుండును. ఈ జంటలనన్నిటిని కూర్చినచో మందయంతయు ఒక వరుసగా ఏర్పడును. అగ్రస్థానమున నున్నది అన్నిటిని పొడుచును. అట్టడుగున నున్నది అన్నిటిచేతను పొడిపించుకొనును. అయితే ఈ వరుస ఎల్లప్పుడును నిట్టనిలువు నిచ్చెన కాదు. ఒకటి రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది మరల మొదటిదానిని పొడుచు త్రికోణములును కలవు. ఈ వ్యవస్థను మేము తెలుగున పొడుపు వరుస అని వ్యవహరించుచున్నాము.

ఈ వరుస క్రూరమైనదని తోచుట సహజము. కాని అమెరికాలో గుల్, ఆలీ అను శాస్త్రజ్ఞులు 1944లో ప్రకటించిన ప్రయోగములు మరియొక ముఖమును చూపినవి. వారు కొన్ని మందలను కదలింపక ఉంచిరి. మరికొన్నింటిలో కోళ్ళను తరచుగా మార్చుచు వచ్చిరి. కదలింపని మందలలో పొడుపులు తగ్గినవి. ఆ కోళ్ళు ఎక్కువ మేత తిన్నవి, ఎక్కువ గ్రుడ్లు పెట్టినవి. మార్చిన మందలలో పోరు ఎడతెగకుండెను. అనగా స్థిరపడిన వరుస పోరును పెంచదు, తగ్గించును. ఒకసారి తేలిన తగవు మరల తేలనక్కరలేదు. తల యెత్తి చూచుటయే పొడుపునకు బదులగును. మందకు నిజమైన కీడు వరుస వలన కాదు, వరుస చెదరుట వలన కలుగుచున్నది.

ఇక తెగులు సంగతి. కోళ్ళ వ్యాధులు వైద్యశాస్త్ర చరిత్రకే మలుపు తెచ్చినవి. కోళ్ళ కలరా క్రిములను ప్రయోగశాలలో పెంచి, వాని తీవ్రతను తగ్గించి, అట్టి బలహీన క్రిములను ఎక్కించిన కోడికి తరువాత ఆ వ్యాధి ప్రాణాంతకము కాదని పాస్తూరు 1880లో ప్రకటించెను. ప్రయోగశాలలో సిద్ధపరచిన టీకాల యుగమునకు అది నాంది. ఇటలీలో పెరొంచితో 1878లో వర్ణించిన మరియొక కోళ్ళ మహమ్మారి ఇన్ఫ్లుయెంజా వర్గపు వైరసు వలన కలుగునదని 1955లో తేలినది. నేడు మనము బర్డ్ ఫ్లూ అనునది ఆ వ్యాధియే. తెలుగునాట కొక్కెర తెగులని పిలువబడు వ్యాధి 1926లో జావాలోను, ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగర ప్రాంతమునను గుర్తింపబడినది. కొలదికాలమునకే కుమాయూను కొండలలోని రాణిఖేటున బయటపడుటచే మన దేశమున దానికి రాణిఖేటు వ్యాధి అను పేరు స్థిరపడినది. ఎగరొప్పు, పచ్చని పారుడు, మెడ మెలితిరుగుట, రెక్కలు కాళ్ళు చచ్చుబడుట దీని లక్షణములు. 1940వ దశకమున ముక్తేశ్వరమునందలి పశువైద్య పరిశోధనాలయమున సిద్ధమైన టీకా ఆ స్థలనామముతోనే ప్రసిద్ధి కెక్కినది.

ఈ రెండు జ్ఞానధారలు వేర్వేరు చోట్ల పుట్టి, వేర్వేరు శాస్త్రములుగా పెరిగినవి. వరుసను గమనించినవాడు పెరటిలో నిలిచి చూచెను; తెగులును శోధించినవాడు ప్రయోగశాలలో గాజునాళమున చూచెను. కాని పెరటిలోని పెట్టకు ఈ విభాగము లేదు. దానికి తెగులును వరుసయు ఒకే బ్రతుకు. జబ్బుపడిన కోడి జుట్టు పాలిపోవును, లేదా నల్లబడును. అది రెక్కలు వ్రేలవేసి మూల నక్కును. నిన్నటిదాక దానికి తొలగినవి నేడు దానిపై బడును. రక్తము కనబడినచో చుట్టునున్నవన్నియు అచ్చటనే పొడుచును. ఆ గాయములనుండి కోడి మశూచి వంటి వ్యాధులు లోన ప్రవేశించును. ఇటు వరుసలో అట్టడుగున నున్న పెట్ట మేతకు చేరలేక చిక్కి, తెగులునకు సులభముగా లోబడును. తెగులు పొడుపును తెచ్చును. పొడుపు తెగులును తెచ్చును.

ఇందుకు విరుగుడు వేరుచేయుటయే యని ఉభయ శాస్త్రములును చెప్పును. కాని ఎంత దూరము, ఎన్ని దినములు అను ప్రశ్న వచ్చినపుడు ఆ రెండును ఒకే మాట చెప్పవు. సంతనుండి తెచ్చిన కొత్త కోడి విషయమున వానికి భేదము లేదు. రెండు మూడు వారములు దూరముగా నుంచినచో దానిలో దాగిన తెగులు బయటపడును. పిదప కొన్ని దినములు ఎడముగా, కంటికి కనబడునట్లు ఉంచినచో మంద దానికి అలవాటుపడును. చిక్కు అంతయు మందలోని కోడియే జబ్బుపడినపుడు వచ్చుచున్నది. తెగులు దూరమును కోరును. వరుస సామీప్యమును కోరును. కొన్ని వారములు కంటికి కనబడని కోడిని తోటి కోళ్ళు మరచిపోవును. కోలుకొని తిరిగివచ్చినపుడు అది పాత కోడి కాదు, పరాయి కోడి. అప్పుడు మరల మొదటినుండి పోరు. నీరసించిన శరీరముతో ఆ పోరున గెలుచుట కష్టము. వ్యాధినుండి బ్రతికిన పెట్ట తన మందలోనే పొడుపులకు చచ్చుటయు కలదు.

ఈ సందర్భమున తెలుగు పెరటిలోని గంపను తలచుకొనుట అవసరము. వెదురుబద్దలతో అల్లిన కోళ్ళగంప సామాన్యమైన వస్తువు. దానిని బోర్లించి పిల్లల కోడిని గ్రద్దనుండియు పిల్లినుండియు కాపాడుదురు. ఎడముగా అల్లిన గంపకు సందులుండును. గంప క్రింది కోడిని బయటి కోళ్ళు చూచును. దాని అరుపు వినును. కాని గంపను కొంచెము ఎడముగా నుంచినచో పొడువలేవు. లోపలి కోడికి మేతయు నీరును పోటీ లేక దక్కును. నేటి పశువైద్యులు ఇనుపవల అడ్డముంచి కోడిని మందలో తిరిగి కలుపుమని చెప్పుటకును ఈ గంపకును సూత్రమొక్కటే. ఆ గంపను అల్లినవారు పొడుపు వరుసను దృష్టియందుంచుకొని అల్లిరని మేము వాదించుట లేదు. గ్రద్దను తప్పించుటకు పుట్టిన వస్తువు వరుసను కాపాడుటకును పనికివచ్చుచున్నదని మాత్రమే మా మనవి.

అయితే గంప సర్వరోగనివారిణి కాదు. గాయమునకు, కుంటుకాలికి, బలహీనతకు అది చాలును. గాలిచేతను, రెట్టచేతను వ్యాపించు కొక్కెర తెగులునకు అది చాలదు. గంప సందులగుండ చూపు మాత్రమే పోదు, క్రిమియు పోవును. అట్టియెడ జబ్బు కోడిని పెరటికి దూరముగా, వేరు నీటిపాత్రతో ఉంచవలెను. ముందు ఆరోగ్యముగానున్న కోళ్ళ పని ముగించి, పిదపనే దానియొద్దకు పోవలెను. అది కోలుకొని, ఇక దానివలన భయము లేదని పశువైద్యుడు చెప్పిన పిదపనే గంప వంతు వచ్చును. మొదట దూరము, తరువాత సామీప్యము. ఈ క్రమమున ఉభయ శాస్త్రముల విరోధము పరిహృతమగుచున్నది. రెండు మూడు చోట్ల మేత వేయుట, అడుగు వరుసలోని పెట్టకు తప్పించుకొను చోటు కల్పించుట, తెగులు రాకమునుపే టీకా వేయించుట – ఇవి ఆ విరోధమే రాకుండ కాపాడు మార్గములు. బర్డ్ ఫ్లూ విషయమున మాత్రము ఇంటి ఉపాయములకు తావు లేదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో హెచ్5ఎన్1 వైరసు నిర్ధారితమైనపుడు అందరికిని అనుభవమునకు వచ్చినట్లు, అకస్మాత్తుగా కోళ్ళు చచ్చినచో వానిని ముట్టక పశువైద్యశాఖకు తెలుపుటయే కర్తవ్యము.

ఇంతవరకు చేసిన విచారణ వలన తేలునదేమి? పందెపు పుంజు ఈకల రంగునకు మన పూర్వులు ఒక శాస్త్రమునే కల్పించిరి. దానిలోని ఫలనిర్ణయములు నేటి పరీక్షకు నిలువవు. అయినను అది వ్రాతకెక్కినది. ఏ పెట్ట ఏ పెట్టకు తొలగునో, ఏ కోడిని ఎన్నాళ్ళు వేరుంచవలెనో, ఎప్పుడు మరల కలుపవలెనో ఎరిగిన జ్ఞానము ప్రయోజనమున అంతకంటె మిన్న, అది వ్రాతకెక్కలేదు. నార్వే బాలుడు చేసిన పని మిక్కిలి చిన్నది: కోళ్ళకు పేర్లిడి, చూచినది చూచినట్లు వ్రాసికొనుట. మన పెరళ్ళలో చూచినవారు కలరు, వ్రాసినవారు లేకపోయిరి.

పుంజు, పెట్ట, కోడిపెయ్య, గంప, గూడు, పొదుగు, కొక్కెర – ఈ మాటల వెనుక తరతరముల పరిశీలన కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము రైతు మాటను శాస్త్రీయముగా సేకరించుటకు దారి చూపినది. ఆ దారిని పెరటి వైపునకు కూడ పొడిగింపవలసియున్నది. జిల్లా జిల్లాకును తెగుళ్ళ పేర్లు, కోళ్ళ నడతను తెలుపు క్రియాపదములు, గంపల రకములు, వేరుచేసి కలుపు పద్ధతులు సేకరింపదగినవి. వానిని చెప్పగల స్త్రీలు ఇంకను మన గ్రామములలో ఉన్నారు. వారి తరము దాటినపిదప ఆ మాటలను ఏ తాళపత్రమునుండియు మనము ఉద్ధరింపజాలము.